మొదటి పిస్టల్: చిన్న క్యాలిబరే ఎందుకు?



మన హాస్టళ్ల నుంచి ఏటా ఎందరో ఎన్.సి.సి.లో చేరుతున్నారు. బోర్లా పడుకుని .22 రైఫిల్‌తో మొదటిసారి టార్గెట్ కొట్టిన రోజును ఎవరూ మరచిపోరు. ఆ తరువాత కొందరికి పిస్టల్ షూటింగ్ మీదికి మనసు పోతుంది. పూర్వ విద్యార్థులమైన మేము కలిసినప్పుడు "అన్నా, మొదట ఏ పిస్టల్ మంచిది?" అని అడుగుతుంటారు. సినిమాల్లో చూసినట్టు పెద్ద పిస్టల్ అయితేనే గొప్ప అని చాలామంది అనుకుంటారు. కానీ గురి నేర్చుకోవడానికి చిన్న పిస్టలే సరైన గురువు. అది ఎందుకో, దాన్ని ఎలా ఎంచుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

క్యాలిబర్ అంటే ఏమిటి?

తుపాకి గొట్టం లోపలి వ్యాసాన్ని సుమారుగా తెలిపే కొలతే క్యాలిబర్. .22 అంటే అంగుళంలో వందకు 22 వంతులు. అంటే దాదాపు 5.6 మిల్లీమీటర్లు. ఎయిర్ పిస్టల్ క్యాలిబర్ .177, అంటే 4.5 మిల్లీమీటర్లు. పోలీసులు, సైనికులు వాడే పిస్టళ్లలో ఎక్కువ భాగం 9 మిల్లీమీటర్లవి.

నేడు ప్రపంచమంతటా శిక్షణకు వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నుంచి ఉంది. పేరులో రైఫిల్ అని ఉన్నా దీన్ని పిస్టళ్లలోనూ వాడతారు. దీని గుండు బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. 9 మి.మీ. గుండు దీనికి సుమారు మూడింతలు ఉంటుంది. ఈ తేడా వల్లనే ఒకటి చేతిని గట్టిగా వెనక్కి తంతే, రెండోది చిన్నగా కదిపి ఊరుకుంటుంది.

చిన్నదే ఎందుకు?

పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడటం మన శరీర స్వభావం. కొత్తగా నేర్చుకునేవారు పెద్ద పిస్టల్‌తో మొదలుపెడితే, నాలుగు రౌండ్లు పేలేసరికి చేతికి భయం పట్టుకుంటుంది. అయిదో రౌండు పేలకముందే కళ్లు మూసుకుంటాయి, మణికట్టు కిందికి గుంజుతుంది. కోచ్‌లు దీన్ని ఒక చిన్న పరీక్షతో పట్టుకుంటారు. షూటర్‌కు తెలియకుండా అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా కలుపుతారు. అది వచ్చినప్పుడు చప్పుడూ లేదు, తన్నూ లేదు. అయినా పిస్టల్ మూతి కిందికి వంగుతుంది. తప్పు తుపాకిది కాదని, భయానిదని అందరికీ కనబడిపోతుంది. ఈ అలవాటు ఒకసారి చేతికి ఎక్కితే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

చిన్న పిస్టల్ భయపెట్టదు. కాబట్టి మన మనసు గురి మీద, ట్రిగ్గర్ మీద నిలుస్తుంది. తూటా ఖర్చు తక్కువ కావడం వల్ల ఎక్కువసార్లు సాధన చేయవచ్చు.

మొదటి మెట్టు ఎయిర్ పిస్టల్

మన దేశంలో షూటింగ్ పోటీలకు వెళ్లదలచినవారికి 10 మీటర్ల ఎయిర్ పిస్టలే మొదటి మెట్టు. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మి.మీ. బోరుకు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర లేదు. పోటీ ఎయిర్ పిస్టళ్ల శక్తి అంతకంటే చాలా తక్కువ. .22 పిస్టల్ మాత్రం నిజమైన తుపాకి. 1959 ఆయుధాల చట్టం కింద దానికి లైసెన్సు తప్పనిసరి. దాన్ని రేంజ్‌లో, కోచ్ సమక్షంలోనే నేర్చుకోవాలి. మహిళల 25 మీటర్ల పిస్టల్, పురుషుల 25 మీటర్ల రాపిడ్ ఫైర్ పోటీలు .22తోనే జరుగుతాయి.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ల వయసులో, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఎయిర్ పిస్టల్‌లోనూ, 25 మీటర్ల పిస్టల్‌లోనూ వ్యక్తిగత రజతాలు సాధించింది. చిన్న పిస్టల్‌తో మొదలైన దారి అంత దూరం వెళ్లగలదు.

ఎంపికలో చూడవలసినవి

1. పిడి: పిస్టల్ మన చేతికి సరిపోవాలి గాని మన చేయి పిస్టల్‌కు సరిపడేలా వంగకూడదు. పోటీ పిస్టళ్ల పిడులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తాయి. ఎడమచేతి వాటం వారికి వేరే పిడి ఉంటుంది. పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మీద తిన్నగా ఆనాలి.

2. బరువు: అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ 1500 గ్రాములు, 25 మీటర్ల .22 పిస్టల్ 1400 గ్రాములు మించకూడదు. పోటీలో ఒంటి చేత్తోనే కాల్చాలి. 60 షాట్లు పూర్తయ్యేదాకా భుజం తట్టుకోగల బరువునే ఎంచుకోవాలి.

3. ట్రిగ్గర్: ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును, 25 మీటర్ల పిస్టల్‌ది 1000 గ్రాములను తట్టుకోవాలి. పోటీకి ముందు ఆ బరువును ట్రిగ్గర్‌కు తగిలించి పైకెత్తి పరీక్షిస్తారు. ట్రిగ్గర్ గరుకుగా ఆగి ఆగి కదలకుండా, ప్రతిసారీ ఒకేచోట వదలాలి.

4. సైట్లు: వెనుక సైట్‌ను పైకి కిందికి, పక్కలకు సరిచేసుకునే వీలుండాలి. ఇక్కడ ఒక లెక్క చూడండి. రెండు సైట్ల మధ్య దూరం 32 సెం.మీ. అనుకుందాం. ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు తప్పితే 10 మీటర్ల దూరంలో దెబ్బ సుమారు 31 మి.మీ. తప్పుతుంది. పది పాయింట్లు రావలసిన చోట ఏడో, ఆరో వస్తాయి. అదే, సైట్లు ఒకదానికొకటి కలిసే ఉండి చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే దెబ్బ కూడా మిల్లీమీటరే జరుగుతుంది. కాబట్టి చేయి కొద్దిగా ఊగిందని దిగులుపడకండి. సైట్లు కలిసి ఉన్నాయా లేదా అన్నదే చూడండి.

5. మరమ్మతు: విడిభాగాలు, బాగుచేసేవారు అందుబాటులో ఉన్న రకాన్నే తీసుకోవాలి. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ లివర్ విరిగింది. బాగుచేసేలోగా విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్ చేజారింది. ఆమే 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. పాత ఎయిర్ పిస్టల్ కొనేవారు గాలి సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీని తప్పక చూడాలి.

అప్పు చేసి కొనకండి

విదేశీ పోటీ పిస్టల్ ధర లక్ష రూపాయలు దాటుతుంది. కూలి చేసి చదివిస్తున్న తల్లిదండ్రుల మీద ఆ భారం మోపవద్దు. మొదటి ఏడాది రేంజ్‌లో ఉన్న పిస్టల్‌తోనే నేర్చుకోండి. మీ చేతి సైజు, మీ ఓపిక, మీ ఆసక్తి ఏపాటివో అప్పటికి మీకే తెలుస్తుంది. అప్పుడు కూడా ముందు కోచ్ సలహా, తరువాతే కొనుగోలు.

పైసా ఖర్చు లేని సాధన హాస్టల్‌లోనే ఉంది. లీటరు నీళ్ల సీసా దాదాపు కిలో బరువు, అంటే ఎయిర్ పిస్టల్ బరువంత. దాన్ని పట్టుకుని చేయి భుజం ఎత్తుకు చాచి 30 సెకన్లు నిలపండి. దించి, విశ్రాంతి తీసుకుని, మళ్లీ ఎత్తండి. రోజుకు పదిసార్లు చాలు. రేంజ్‌లోనైతే ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన చేయించమని కోచ్‌ను అడగండి. .22 పిస్టల్‌లో మాత్రం ఉత్తుత్తి తూటా లేకుండా ఖాళీగా ట్రిగ్గర్ నొక్కకూడదు. .22లో పిన్ను తూటా అంచు మీద కొడుతుంది. తూటా లేకపోతే అది చాంబర్ అంచుకే తగిలి రెండూ చెడిపోవచ్చు.

మరువరాని జాగ్రత్తలు

• ఏ తుపాకినైనా తూటా ఉన్నట్టే భావించాలి.
• మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి.
• కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి.
• టార్గెట్ వెనుక ఏముందో తెలియాలి. .22 గుండు కిలోమీటరున్నర దూరం పోగలదు. ఎయిర్ పిస్టల్ పెల్లెట్ కూడా కన్ను తీయగలదు.
• కళ్లద్దాలు, చెవి రక్షణ ధరించాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి, కాబట్టి తినేముందు చేతులు సబ్బుతో కడగాలి.
• ఎయిర్ పిస్టల్‌ను సైతం హాస్టల్ గదికి తేకూడదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీలో కొందరు రేపు పోలీసు శాఖలో, సైన్యంలో పెద్ద తుపాకులు పట్టవచ్చు. చిన్న పిస్టల్ దగ్గర నేర్చిన ఓర్పు, శ్వాస, క్రమశిక్షణ అక్కడా మీ వెంటే ఉంటాయి. మీ గురి ఎన్నడూ తప్పకూడదని కోరుకుంటూ,

– పూర్వ విద్యార్థులు