కెరటం దాటే పడవ

మన కొల్నార, రాయగడ కుర్రాళ్ళు కొందరు కళింగపట్నం, బారువ తీరాల్లో కయాక్ మీద గేలం వేటకు పోదామని ఉబలాటపడుతున్నారు. మన జిల్లా నీళ్ళూ ఆ వైపుకే పోతాయి. గుణుపురం మీదుగా వెళ్ళే వంశధార కళింగపట్నం దగ్గర, రాయగడ పక్కనుంచి పారే నాగావళి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. అయితే బాబూ, ఏట్లో బాగా నడిచిన పడవ అక్కడా నడుస్తుందనుకోవద్దు.

1. ముందు ఒడ్డును చూడండి, తర్వాతే పడవను. జెట్టీ లేని తీరంలో గండమంతా ఒడ్డును ఆనుకుని కెరటాలు విరిగే చోటే. అందుకే మన మత్స్యకారులు మాసూలా పడవకు మేకులు కొట్టలేదు, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టారు. నేలకు కొట్టుకుంటే అది వంగేది గాని విరిగేది కాదు. తెప్ప ఇంకా గొప్పది. తేలిక దుంగల్ని తాళ్ళతో కట్టడమే, కెరటం మీదికొచ్చి సందుల్లోంచి జారిపోతుంది. నీళ్ళు నిలిచే చోటే లేదు, ఇక మునిగేదెలా? పూరీ వలస వెళ్ళిన మన తెలుగు మత్స్యకారులూ ఆ తెప్పల మీదే బతికారు.

2. కాబట్టి కయాక్‌లోనూ పైన కూర్చునే రకమే కొనండి. సిట్ ఆన్ టాప్ అంటారు. మీదపడ్డ నీళ్ళు అడుగు రంధ్రాల్లోంచి పోతాయి. లోపల కూర్చునే రకం చలిదేశాలకు మంచిది. అది బోల్తాపడి నిండిందంటే నడిసంద్రంలో ఒక్కడే తోడిపోయడం మహా కష్టం. కొనే ముందు చెరువులో కావాలని బోల్తా కొట్టించండి, తిరగేసి ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే ఎంత చవకైనా వదిలెయ్యండి.

3. మరీ వెడల్పుది వద్దు. నిలబడి గేలం విసరడానికి హాయిగానే ఉంటుంది, ఎదురుగాలిలో మాత్రం ముందుకు సాగదు. సముద్రానికి 12 నుంచి 14 అడుగుల పొడవు నాకు నచ్చుతుంది. వేట కయాక్‌లు చాలావరకు 30, 40 కిలోలు తూగుతాయి, పెడల్‌వి ఇంకా ఎక్కువ. సరుగుడు తోట దాటి ఇసుకలో దాన్ని మోసేది మీరే. సన్న చక్రాల బండి దిగబడిపోతుంది, లావు టైర్లది చూసుకోండి. పెడల్ ఉన్నా తెడ్డు తప్పదు. లోతు తగ్గగానే పెడల్‌తో ఆడే కింది రెక్కలు పైకి లాగెయ్యాలి.

4. గాలి చూసుకునే దిగండి. తెరచాప తెప్పలు తెల్లవారుజామున నేలగాలికి పోయి, మధ్యాహ్నం సముద్రపు గాలికి తిరిగొచ్చేవి. పడమటి గాలి గట్టిగా వీచే రోజు ఒడ్డు దగ్గర నీరు నున్నగా కనబడుతుంది. నమ్మొద్దు, ఆ గాలి మిమ్మల్ని సముద్రం లోపలికి నెట్టుకుపోతుంది. ఏటి మొగలోంచి కూడా దిగొద్దు. పాటు వేళ ఏటి వడికి కెరటం ఎదురై నిట్టనిలువుగా లేస్తుంది.

5. దరికొచ్చేటప్పుడు గేలం కర్రలు పడుకోబెట్టి కట్టెయ్యండి. పడవను కెరటానికి అడ్డం తిరగనివ్వొద్దు. బోల్తాపడితే పడవకూ ఒడ్డుకూ మధ్య ఉండకండి, అది మీదికొచ్చి కొడితే ఎముకలు విరుగుతాయి. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. ఈలా, తడవని సంచిలో ఫోనూ ఆ జాకెట్‌కే కట్టుకోండి, పడవ చెయ్యిజారినా అవి మీ దగ్గరే ఉంటాయి.