ఇంట్లో గుర్తుపెట్టుకునేది ఎవరు?

ఏటా నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి మాదాపూర్‌లోనో మధురవాడలోనో ఎన్నో ఇళ్లలో రాత్రి భోజనం వేళ మారిపోతుంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదింటి మీటింగు మనకు అప్పటిదాకా సాయంత్రం ఆరున్నరకు, ఇకనుంచి ఏడున్నరకు. కాలిఫోర్నియా వాళ్లతో పనైతే రాత్రి పదిన్నరే. నాన్న చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుంటే, మిగతా ఇల్లంతా ఎవరో ఒకరు సర్దుకొస్తారు. ఎవరో చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం, ఇల్లు అనగానే మనం ముందు గంటలు లెక్కపెడతాం. ఆ లెక్కే మనకు చిన్నతనంగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు చేస్తుంటే, మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారు. అదీ చేసేవాళ్ల సగటే. ఆరేళ్లు నిండిన మగవాళ్లలో రోజూ ఇంటిపని ముట్టుకునేవారు వందకు 27 మందే.

నిమిషాల్లోకి రాని పని ఇంకొకటుంది. గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలి, చంటిదానికి తర్వాతి టీకా ఎప్పుడు, అత్తగారి బీపీ మాత్రలు ఇంకెన్ని ఉన్నాయి, స్కూల్లో మీటింగు ఏ శనివారం, పనిమనిషి రేపు రానంటే అంట్ల సంగతేమిటి... ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం. ఆఫీసులో కూర్చున్నా ఈ పని ఆగదు. ‘ఏం కావాలో చెప్పు, చేసేస్తా’ అనే భర్త మంచివాడే. కానీ గుర్తుచేయడం, అయిందో లేదో చూసుకోవడం భార్యకే మిగిలాయి. ప్రతిదీ చెబితే తప్ప కదలని ఉద్యోగికి ఎలాంటి రేటింగు వస్తుందో ఆయనకూ తెలుసు.

కాబట్టి భర్తగా మీరు ఏదో ఒక వ్యవహారం మొదటినుంచి చివరిదాకా తీసుకోవాలి. పిల్లల ఆరోగ్యం మీ బాధ్యత అనుకుంటే, టీకా కార్డు ఎక్కడుందో మీకు తెలియాలి, డాక్టరు దగ్గరికి సెలవు పెట్టి వెళ్లేది మీరే, స్కూలు దరఖాస్తులో మొదటి ఫోన్ నంబరూ మీదే. మొదట్లో తప్పులు జరుగుతాయి. ‘నేనైతే పది నిమిషాల్లో ముగించేదాన్ని’ అని ఆవిడ మళ్లీ లాక్కోకుండా ఉండటం కూడా కష్టమైన అభ్యాసమే.

ఇక ఆఫీసు సంగతి. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం మొదటిదాని దగ్గరే చిక్కుకుంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. ఎక్కడ ఆపామో, తిరిగి ఎక్కడ మొదలుపెట్టాలో రెండు ముక్కలు రాసుకుంటే ఆ చిక్కు తగ్గుతుందని ఆ తర్వాతి పరిశోధనలో తేలింది. ల్యాప్‌టాప్ మూసే ముందు చేయదగ్గ పని ఇది. అలాగే ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా దొరకనని టీముకు ముందే చెప్పాలి. మీటింగు మధ్యలో ముఖం మాడ్చుకుంటే ఎవరికీ అర్థం కాదు.

ఆర్టీసీ కండక్టరుకో, నైట్ డ్యూటీ నర్సుకో ఈ సలహాలేవీ పనికిరావు. డ్యూటీ చార్టు వారం ముందు చేతికిస్తే, మనలాంటివాళ్లు చెప్పే పాఠాలకన్నా వాళ్లకు అదే ఎక్కువ మేలు.

చట్టం కూడా గుర్తుపెట్టుకునే పని తల్లికే అప్పగించింది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. తండ్రికి మాత్రం ఒక్కరోజూ రాలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు దొరుకుతాయి. పైగా మనలో తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ. ఆమె మూడో నెలకో ఐదో నెలకో బిడ్డతో తిరిగొచ్చేసరికి, ఏ ఏడుపు ఆకలిదో ఏది నిద్రదో ఆమెకు తెలుసు. తండ్రి అక్షరాభ్యాసం దగ్గరే ఉంటాడు. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న తండ్రి, కాన్పు తేదీ తెలిసినప్పుడే మేనేజరుతో మాట్లాడి తన సెలవుల్లో కొన్ని అట్టిపెట్టుకోవాలి. వాటిని కాన్పు రోజుకే ఖర్చుపెట్టేయకుండా, సగమైనా తల్లీబిడ్డలు తిరిగొచ్చే వారానికి దాచుకోవాలి.