పది దినముల తరువాత

అధ్యయన పాఠము: దానియేలు గ్రంథము 1వ అధ్యాయము, లూకా సువార్త 15వ అధ్యాయము, 3–7 వచనములు



దానియేలును అతని ముగ్గురు స్నేహితులును పది దినములు శాకధాన్యములు తిని, నీళ్లు త్రాగి, పరీక్షకు నిలిచిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలును చెప్పగలరు. వారి ఉద్దేశము బరువు తగ్గుట కాదు; తమ మనస్సాక్షిని కాపాడుకొనుట. అయితే ఆ అధ్యాయములో మనము త్వరగా దాటిపోవు సంగతి మరియొకటి కలదు. రాజు వారికి నియమించిన శిక్షణ కాలము మూడు సంవత్సరములు. పది దినములు ముగిసిన తరువాతను వారికి అదే భోజనము పెట్టబడుచు వచ్చెను. ఆ పది దినములు వారి ముఖములను పరీక్షించి చూచువాడుండెను. తరువాతి దినములను గూర్చి వ్రాయబడినది బహు కొంచెము. మన పాఠము అట్టి తరువాతి దినములను గూర్చినది.

నేడు పల్లెలలోను పని మారినది. దుక్కి ట్రాక్టరు చేయుచున్నది. సంతకు మోటారు సైకిలుమీద పోవుచున్నాము. తిండి మాత్రము పూర్వపు కూలిపనికి తగినంతగానే యున్నది. 2023లో వెలువడిన జాతీయ పరిశోధన ప్రకారము మన దేశములో మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. కాబట్టి బరువు తగ్గుమని డాక్టరు చెప్పగా, తినునదంతయు నోటుబుక్కులో వ్రాయ మొదలుపెట్టినవారు మన సంఘములలోను ఉన్నారు. మొదలుపెట్టుట సులభము. ఆ పుస్తకము మూడవ నెలలో ఎక్కడ నుండును? ఇదియే ప్రశ్న.

1. మా అక్కయ్య పుస్తకము

మా అక్కయ్యకు 54 ఏండ్లు. షుగరు వ్యాధి గడపదాక వచ్చినదనియు, 74 కిలోల బరువులో 5 కిలోలు తగ్గవలెననియు డాక్టరు చెప్పెను. ఆమె నోటుబుక్కు కొని, దానికి దారముతో పెన్సిలు కట్టి, వంటింటి గూటిలో పెట్టెను. మొదటి నెలలో 3 కిలోలు తగ్గెను. చూచినవారందరు మెచ్చుకొనిరి. రెండవ నెలలో అర కిలో తగ్గెను. మూడవ నెలలో ఏమియు తగ్గలేదు. అంతలో కోత పండుగ వచ్చినది. సంఘ భోజనములో కోడికూరయు బూరెలును తృప్తిగా తిని, ఆ రాత్రి వ్రాయుటకు సిగ్గుపడి పుట విడిచిపెట్టెను. మరునాడును వ్రాయలేదు.

నేను 19 దినముల తరువాత వారి యింటికి వెళ్లితిని. పుస్తకము బియ్యపు డబ్బా వెనుక నుండెను.

“పుస్తకం ఏదక్కా?” అని అడిగితిని.

“ఏం పుస్తకంలేరా తమ్ముడూ! పండగనాడు తిన్నదంతా రాస్తే ఆ పుస్తకానికే సిగ్గేస్తుంది. ఇంక నావల్ల కాదు” అన్నది.

తొమ్మిదవ తరగతి చదువు ఆమె మనుమడు పాల క్యాను కడుగుచు ఈ మాట వినెను.

“నాన్నమ్మా, మొన్న మన గేదె కుడితి తాగక సగం పాలే ఇచ్చింది గదా. ఆ పూట పాల కేంద్రంలో రాయించలేదా?”

“రాయించకపోతే ఎట్లారా? పాలు తగ్గాయని తెలియబట్టేగా పశువుల డాక్టరును పిలిచాం.”

“మరి నీ పుస్తకంలో తేడా వచ్చిన పూటే ఎందుకు వదిలేశావు?”

అక్కయ్య మారు పలుకలేదు. ఆ సాయంకాలము పుస్తకము తీసి, ఖాళీ పుటల క్రింద ఒక గీత గీసి, ఆ దినపు భోజనము వ్రాసెను. అప్పటికి బరువు మరల 72 కిలోలకు వచ్చియుండెను.

2. ఉత్సాహమేల తగ్గును?

ఇది కేవలము మన మనస్సు బలహీనత కాదు. శరీరములో జరుగు పనిని తెలిసికొనినయెడల సగము నిరుత్సాహము పోవును.

మన శరీరము కొంత పిండిపదార్థమును కాలేయములోను కండరములలోను నిలువ ఉంచుకొనును. ఆ నిలువలో ప్రతి గ్రాముతోను సుమారు 3 గ్రాముల నీరు చేరియుండును. తిండి తగ్గించిన తొలి దినములలో ఈ నిలువ కరిగి, నీరును పోవును. కాబట్టి తొలుత త్వరగా తగ్గిన బరువంతయు క్రొవ్వు కాదు. తరువాత క్రొవ్వు కరుగుట నెమ్మదిగా జరుగును.

రెండవది, బండిలో బస్తాలు తగ్గినకొలది ఎద్దులకు శ్రమ తగ్గును గదా. ఆలాగే శరీరము తేలికయైనకొలది అదే నడకకు, అదే పనికి తక్కువ ఆహారము చాలును. తొలుత 4 కిలోలు తగ్గించిన భోజనమే తరువాత బరువును ఉన్నచోట నిలుపునదగును. కాటా కదలకపోవుట మన ప్రయాస వ్యర్థమైనదనుటకు ఋజువు కాదు.

మూడవది, క్రొత్తదనము పోవును, మెచ్చుకొనువారును మానుకొందురు. ఉత్సాహము విత్తనాలనాటి వాన వంటిది. పైరంతయు దానిమీదనే పండదు. తరువాత వంతు ప్రకారము నీరు పెట్టవలెను.

3. వ్రాయుటవలన మేలేమి?

అమెరికా దేశములో 1992లో ప్రచురింపబడిన ఒక పరిశోధన మన కన్నులు తెరచును. ఎంత తక్కువ తినినను బరువు తగ్గుట లేదని చెప్పిన 10 మందిని వైద్యులు పరీక్షించిరి. వారు తినితిమని చెప్పినది, నిజముగా తినినదానిలో సగముకంటె కొంచెమే ఎక్కువగా నుండెను. వారిని అబద్ధికులని తీర్పు తీర్చవద్దు. రుచి చూచిన కూర, పిల్లలు మిగిల్చిన ముద్ద, పొరుగింట త్రాగిన టీ, ఇవి ఎవరి జ్ఞాపకములోను నిలువవు.

ఆ దేశములోనే సుమారు 1,700 మందితో జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో, ప్రతిదినము వ్రాసినవారు ఏమియు వ్రాయనివారికంటె రెండింతలు బరువు తగ్గిరని తేలినది. 142 మందిని 24 వారములు గమనించిన 2019 నాటి పరిశోధన మనకు మరింత ధైర్యమిచ్చును. వ్రాతకు మొదటి నెలలో దినమునకు సుమారు 23 నిమిషములు పట్టగా, ఆరవ నెలకు 15 నిమిషములకంటె తక్కువే పట్టినది. మేలు పొందినవారు వివరముగా వ్రాసినవారు కారు, మాటిమాటికి వ్రాసినవారు. ఎంతసేపు వ్రాసితిమను దానికంటె మానక వ్రాసితిమా అనునదే ముఖ్యము.

అక్కయ్యకు కనబడినదేమి? టీ నీళ్లతో సమానమనుకొని ఆమె దానిని ఎన్నడును వ్రాయలేదు. వ్రాసి చూడగా దినమునకు 5 టీలు, ఒక్కొక్క దానిలో 2 చెంచాల పంచదార. చెంచాకు 5 గ్రాముల చొప్పున 50 గ్రాములు. అనగా 200 క్యాలరీలు. నెలకు కిలోన్నర పంచదార! 100 గ్రాముల బియ్యములో సుమారు 350 క్యాలరీలుండును గనుక, ఆమె తనకు తెలియకయే దినమునకు గుప్పెడు బియ్యమంత అధికముగా తీసికొనుచుండెను. నూనె సంగతియు అట్టిదే. ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 క్యాలరీలు కలవు.

4. కాపరి లెక్క

నూరు గొఱ్ఱెలుగల కాపరి ఒకటి తప్పిపోయినదని ఎట్లు తెలిసికొనెను? లెక్క చూడనివాడైతే తొంబది తొమ్మిదింటిని చూచి, అన్నియు ఉన్నవనుకొని నిద్రించియుండును. అతని లెక్క గొఱ్ఱెను కొట్టుటకు కాదు, వెదకుటకు. మనమైతే అన్నియు దొడ్డిలో నున్న దినమున సంతోషముగా లెక్కపెట్టి, ఒకటి తప్పిన దినమున కన్నులు మూసికొందుము. తప్పిన దినమే లెక్క అక్కరయైన దినము. పుస్తకము మనకు తీర్పరి కాదు. అధిక బరువు ఒకని భక్తికి కొలత కాదు; కాబట్టి ఎవరును ఎవరిని హేళన చేయరాదు.

5. చేయదగిన పనులు

(1) తిని చేయి కడుగుకొనిన వెంటనే వ్రాయుడి. రాత్రికి వాయిదా వేసినయెడల సగము మరచిపోవుదుము. చదువురానివారు మనుమలచేత వ్రాయింపవచ్చును. గోడమీద బొగ్గుతో గీతలు గీసినను చాలును.

(2) బియ్యము ఒకే గ్లాసుతో కొలిచి వండుడి. అన్నము ఒకే గరిటెతో వడ్డించుకొనుడి. ప్రతిపూట తూచనక్కరలేదు, గరిటెలు లెక్కించిన చాలును.

(3) విసుగు కలిగినప్పుడు మానవద్దు, తగ్గించుడి. అన్నియు వ్రాయలేనివారు తాము ఎక్కువగా జారిపోవు ఒక్క సంగతినే వ్రాయుడి. అది టీ కావచ్చును, రాత్రి అన్నము కావచ్చును.

(4) పెండ్లినాడు, పండుగనాడు సంతోషముగా తినుడి. తినినది ఒక్క వరుసలో వ్రాయుడి. ఒక పుట ఖాళీయైనయెడల రెండవది ఖాళీ కానియ్యకుడి. వెనుకటివి పూరింప ప్రయత్నింపక, నేటి పూటనుండి మొదలుపెట్టుడి.

(5) వారమునకు ఒకసారి, ఒకే వేళకు తూచుకొనుడి. నాలుగు వారములు కలిపి చూడుడి. నడుము చుట్టుకొలతయు ఒక గురుతు. మన దేశస్థులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండుట మేలని వైద్యుల మాట.

(6) ఇద్దరు జతగా నుండుడి. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఒకరి పుస్తకము ఒకరు చూడుడి. “ఎందుకు తింటివి?” అని అడుగవద్దు, “వ్రాసితివా?” అని మాత్రము అడుగుడి.

6. ఒక హెచ్చరిక

ఈ పాఠము డాక్టరు బరువు తగ్గుమనినవారికే. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు, బక్కపలుచనివారు దీనినిబట్టి తిండి తగ్గింపరాదు. షుగరుకు మాత్రలు గాని ఇన్సులిను గాని తీసికొనువారు డాక్టరుతో చెప్పకుండ భోజనము తగ్గించినయెడల రక్తములో చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. లెక్కవలన మనస్సులో భయమును, తిండిమీద అసహ్యమును పెరిగినయెడల పుస్తకము మూసి, వైద్యునితో మాటలాడవలెను.

మా అక్కయ్య బరువు మరల వ్రాయ మొదలుపెట్టిన సంవత్సరము నిండునప్పటికి 69 కిలోలు. ఆమె పుస్తకములో ఇప్పటికిని అక్కడక్కడ ఖాళీ పుటలున్నవి. వాటి తరువాతి పుటలలో వ్రాతయు ఉన్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దానియేలు, అతని స్నేహితులు పది దినముల పరీక్ష తరువాత కొనసాగుటకు ఏమి అవసరమైయుండును?

2. మీరు ఉత్సాహముతో మొదలుపెట్టి విడిచిపెట్టిన మంచి అలవాటు ఏది? ఏ దినమున విడిచితిరి? ఆ దినమున ఏమి జరిగెను?

3. మీ ఇంటిలో ఒకరు పథ్యము పాటించుచున్నయెడల, వడ్డించువారు వారికి ఏ విధముగా సహాయపడవచ్చును?

4. ఈ రాత్రి భోజనమైన తరువాత మీ పుస్తకములో ఏ ఒక్క వరుస వ్రాయుదురు?