సముద్ర తీరమున ట్రాక్టరు, ట్రక్కులను తుప్పు నుండి కాపాడుకొనుట

ఎద్దునకు జబ్బు చేసిన మేత మానివేయును. యజమాని ఆ పూటకే గుర్తించును. ఇనుమునకు పట్టిన తెగులు అట్లు పైకి కనబడదు. రంగు క్రింద, మడత రేకుల లోపల, బురద అట్టల చాటున పాకి, ఒకనాడు బరువుతో పోవుచుండగా బయటపడును. కావలి తీర ప్రాంతమున ట్రాక్టరు గల ప్రతి రైతు ఈ తెగులును గూర్చి తెలిసికొనుట అవసరము.

ఈ ప్రాంతమున ట్రాక్టరు పొలము దున్నుటతో ఆగదు. రొయ్యల చెరువులకు మేత చేరవేయును. పట్టుబడి నాడు రొయ్యల తొట్లను మోయును. ఇస్కపల్లి వైపు ఉప్పు బస్తాలను ఎత్తును. తీర గ్రామములలో పడవలను ఇసుక మీదికి లాగును. ఈ పనులన్నింటిలోను ఇనుమునకు ఉప్పు తగులును. అప్పు చేసి కొన్న ట్రక్కు అడుగు రేకు, వాయిదాలు తీరక ముందే జల్లెడ అగుట రైతునకు పెద్ద నష్టము. అంతకు మించిన ప్రమాదము వేరొకటి కలదు. ట్రాక్టరును, ట్రక్కును కలుపు కొక్కెము గాని, బ్రేకు గొట్టము గాని తుప్పుతో పలుచబడి తెగినచో ప్రాణములకే ముప్పు.

ఉప్పు చేయు పని

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు ఈ మూడును కలిసినచో తుప్పు పుట్టును. ఇందులో ఏ ఒక్కటి లేకున్నను పుట్టదు. ఉప్పు తానుగా తుప్పు కాదు. కాని నీటిలో కరిగి ఆ నీటి గుండా విద్యుత్తు సులభముగా ప్రవహించునట్లు చేయును. అందుచేత తుప్పు పట్టు వేగము ఎన్నో రెట్లు పెరుగును. పైగా ఉప్పులోని క్లోరైడు ఈ పనిలో ఖర్చు కాదు. ఒకసారి రేకు మీద చేరినది, కడిగివేయువరకు పని చేయుచునే యుండును. తుప్పు, తాను తిన్న ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక మీది రంగును పైకి లేపును. లేచిన రంగు క్రిందికి మరల ఉప్పునీరు చేరును.

సముద్రపు నీటిలో సాధారణముగా లీటరుకు 35 గ్రాముల లవణములు ఉండును. అలలు విరిగినపుడు లేచు సన్నని తుంపరలు గాలిలో కలిసి ఒడ్డు దాటి వచ్చును. ఒడ్డునకు దగ్గరగా ఈ తాకిడి మిక్కిలి ఎక్కువ. లోపలికి పోయిన కొలది తగ్గును. తుపాను వేళ ఈ తుంపర చాల దూరము పోవును. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన తుపాను వంటిది వచ్చినపుడు, ఒడ్డునకు దూరముగా ఉన్న యంత్రములను సైతము గాలి తగ్గిన వెంటనే కడుగవలెను.

ఎండిన ఉప్పు హాని చేయదని కొందరు తలచెదరు. ఇది పొరపాటు. గాలిలో తేమ నూటికి 75 వంతులు దాటినపుడు మామూలు ఉప్పు తానే నీరు గుంజుకొని చెమ్మగిల్లును. సముద్రపు ఉప్పుతో కలిసి యుండు మెగ్నీషియం క్లోరైడు అంతకంటె తక్కువ తేమలో, నూటికి 33 వంతుల వద్దనే, నీరు గ్రహించును. మన తీరమున రాత్రి గాలిలో తేమ ఎక్కువ. కావున పగలు పని చేసి కొట్టములో నిలిపిన బండికి, రైతు నిద్రించుచున్న వేళలో తుప్పు పట్టుచుండును. సాయంత్రము కడుగక విడిచిన ఉప్పు తెల్లవారు వరకు పని చేయును.

అమెరికా ఉత్తర రాష్ట్రములలో శీతకాలమున మంచు కరుగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు. అచ్చటి మోటారు బండ్లకును ఇదే తెగులు. మిషిగన్, ఇల్లినాయి వంటి రాష్ట్రములలో నివసించు మన తెలుగువారు చలికాలమంతయు కారు అడుగుభాగమును కడిగించుచుందురు. వారికి ఈ బెడద ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే. చలి కూడ తుప్పు వేగమును కొంత తగ్గించును. మనకు ఉప్పు గాలి పన్నెండు నెలలును కలదు. మన వేడి తుప్పునకు తోడ్పడును.

ఏ నీటితో కడుగవలెను

తీర గ్రామములలో చాల బోర్ల నీరు ఉప్పన. అట్టి నీటితో కడిగినచో బురద పోవును గాని ఉప్పు పోదు. నీరు ఆవిరియై ఉప్పు రేకు మీదనే నిలుచును. రొయ్యల చెరువు నీటిలోను, బకింగ్‌హాం కాలువ ఉప్పునీటిలోను బండ్లను దింపి కడుగుట ఇంకను చెరుపు. సోమశిల నీరు పారు కావలి కాలువ నీరు, మంచినీటి చెరువు నీరు, వాన నీరు మంచివి. నీటి యందు అనుమానమున్నచో, భూసార పరీక్షా కేంద్రములలో నీటి పరీక్ష చేయు వసతి ఉన్నచోట ఉప్పు ఎంత ఉన్నదో తెలిసికొనవచ్చును. మంచినీరు తక్కువగా నున్నపుడు, మొదట ఉన్న నీటితో బురద వదిలించి, ఆఖరున రెండు మూడు బిందెల మంచినీరు అడుగుభాగమున, మూలలలో పోసినను మేలు. కడిగిన నీరు కాలువలోనికి, చెరువులోనికి పోకుండ గట్టున దూరముగా కడుగవలెను.

కడుగు పద్ధతి

మొదట పొడిగా ఊడ్వవలెను. ధాన్యపు పొట్టు, పేడ, ఇసుక, ఎరువుల పొడి చెమ్మను పట్టియుంచును. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడ క్లోరైడే. దాని బస్తాలు దింపిన ట్రక్కును ఉప్పు మోసిన ట్రక్కువలెనే చూడవలెను. తరువాత క్రింది నుండి కడుగవలెను: మడ్గార్డుల లోపలి అంచులు, కమాను పట్టీల మధ్య, ఇరుసు మీద, ట్రక్కు అడుగున అడ్డ కమ్ములు రేకును తాకు చోట్లు. పైరంగు మెరియుచున్నను ఈ చోట్ల ఉప్పు దాగియుండును. ఇంజనులోని విద్యుత్తు తీగల మీద, గాలి వడపోత మీద నీటిని గట్టిగా కొట్టరాదు.

ఎత్తు ట్రక్కును లేపి అడుగున పని చేయునపుడు, నూనె ఒత్తిడిని నమ్మి క్రిందికి దూరరాదు. గట్టి దిమ్మెలు, ఊతకర్రలు పెట్టిన పిమ్మటనే దూరవలెను.

కడిగిన బండిని గాలి ఆడు చోట నిలిపి ఆరనీయవలెను. తడిగా నుండగానే పట్టాతో బిగించి కప్పుట మంచిది కాదు. గొట్టపు కమ్ములకు, మడత రేకులకు క్రింద నీరు కారు రంధ్రములుండును. వాటిని పుల్లతో పొడిచి తెరచియుంచవలెను. ట్రక్కును కొంచెము వాలుగా నిలిపినచో అడుగున నీరు నిలువదు.

పడవను లాగుటకు నీటి అంచున దిగిన ట్రాక్టరు విషయమున మరింత శ్రద్ధ కావలెను. తిరిగి వేడెక్కిన చక్రపు హబ్బు చల్లని ఉప్పునీటిలో మునిగినచో, లోపలి గాలి కుంచించుకొని సీలు గుండా నీటిని పీల్చుకొనును. అట్టి పని చేయువారు బేరింగుల గ్రీజును తరచుగా విప్పి చూచి, తెల్లబడినచో మార్చవలెను.

రంగు వేయు విధానము

ఉప్పు పోయిన పిమ్మటనే పూత వేయవలెను. ఇది ఈ వ్యాసమంతటిలో ముఖ్యమైన మాట. ఉప్పు మీద వేసిన రంగు, ఎంత ఖరీదైనదైనను, లోపల చెమ్మను గుంజుకొని పొక్కులు లేచును. పండుగకు ముందు తుప్పు మీదనే రంగు పూయించుట డబ్బును, కాలమును వృథా చేయుటయే.

1. మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను.
2. ఇనుప బ్రష్షుతో, గరుకు కాగితముతో పొరలు లేచిన తుప్పును, ఊడు రంగును మెరుపు కనబడువరకు గీకవలెను.
3. తుప్పు గుంటలలో ఉప్పు నిలిచియుండును గనుక గీకిన తరువాత మరల మంచినీటితో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టవలెను.
4. ఆ పూటనే ప్రైమరు వేయవలెను. రాత్రి గాలికి విడిచిన మెరుపు ఇనుము తెల్లవారుసరికి ఎర్రబడును. ఉదయము మంచు ఆరిన పిమ్మట మొదలుపెట్టి, సముద్రపు గాలి బలపడక ముందు ముగించుట మేలు.
5. అంచులకు, వెల్డింగు అతుకులకు, బోల్టు తలలకు మొదట ఒక పూత విడిగా వేయవలెను. రంగు అంచుల మీద పలుచబడును.
6. రెడ్ ఆక్సైడు ప్రైమరు ఒక్కటియే చాలదు. దానిపై రెండు పూతలు ఎనామిల్ వేయవలెను. ఒడ్డునకు దగ్గరి బండ్లకు జింకు పాలు ఎక్కువగా గల ప్రైమరు శ్రేష్ఠము.

గీకుటకు వీలుకాని గుంటలకు, తుప్పును మార్చు ద్రావకములు దొరకును. వీటిలో కొన్నింట టానిక్ ఆమ్లము ఉండును. కరక్కాయ కషాయము ఇనుముతో కలిసి నల్లబడుట మన పెద్దలు ఎరిగినదే. ఇచ్చట జరుగునదియు అట్టి మార్పే. ఇది గీకుటకు బదులు కాదు, దానికి తోడు మాత్రమే.

కొత్తగా ట్రక్కు కట్టించువారు అడుగునకు జింకు పూత రేకు అడుగుట మంచిది. ఇనుమునకు జింకు పూయు పద్ధతికి 1837లో ఫ్రాన్సు దేశమున సొరెల్ అను ఇంజనీరు పేటెంటు పొందెను. గీత పడినచోట జింకు ముందుగా తాను క్షీణించి ఇనుమును కాపాడును. అల్యూమినియం రేకును ఇనుప చట్రమునకు నేరుగా బిగించరాదు. నడుమ రబ్బరు పట్టీ పెట్టవలెను.

నూనె, గ్రీజు పూతలు

అడుగుభాగమునకు మైనపు పూత గాని, తుప్పు నివారణ నూనె గాని ఏడాదికొకసారి, పొడి ఇనుము మీద వేయవలెను. వాడివేసిన ఇంజను నూనె పూయు అలవాటు మానదగినది: అందులో ఆమ్లపు మలినములుండును, రబ్బరును చెరచును, కారి నేలను నీటిని పాడుచేయును. దళసరి రబ్బరు పూత పగిలినచో పగులులో ఉప్పునీరు నిలిచి కంటికి కనబడక తినివేయును. కావున పగుళ్లను వెదకి సరిచేయవలెను. బ్రేకు డ్రమ్ములకు, రబ్బరు బుషులకు నూనె తగులరాదు. బ్యాటరీ కొనలకు వ్యాజలైను పూయవలెను.

బరువులు మోయునపుడు

ఉప్పు బస్తాల క్రింద పట్టా పరచవలెను. చేపలు, రొయ్యలు మోయునపుడు మంచు కరిగిన నీరు రేకు మీద పారకుండ, చిల్లులు లేని తొట్లు వాడవలెను. పని ముగిసిన సాయంత్రమే కడుగవలెను. రేపటికి వాయిదా వేయరాదు.

ఏడాది పనుల పట్టిక

ప్రతి దినము: ఉప్పు, చేపలు, ఎరువులు మోసినచో కడుగుట.

వారమునకొకసారి: ఏమియు మోయకున్నను అడుగుభాగమును కడిగి, గ్రీజు పెట్టుట.

నెలకొకసారి: కొక్కెము, దాని సీల, కమాను బోల్టులు, బ్రేకు గొట్టములు చూచుట. సుత్తితో తట్టినపుడు ఖంగున మ్రోగక బద్దగా పలికిన చోట ఇనుము తినబడియుండవచ్చును. గొట్టము మీద తడి మచ్చ కనబడిన, కొక్కెము పలుచబడిన, మార్పించువరకు బండిని కదల్చరాదు.

సెప్టెంబరులో: ఈశాన్య ఋతుపవనమునకు ముందు రంగు లేచిన చోట్లు బాగుచేసి, నూనె పూత వేయుట.

సంక్రాంతి తరువాత: వానలు వెనుకపట్టగానే బండినంతయు విప్పి చూచి, ఎండ కాలమున పెద్ద మరమ్మతులు ముగించుట.

ఉప్పు గాలిలో ఇనుము నిలువదని నిరాశ పడనక్కరలేదు. రామేశ్వరమునకు పోవు పాంబన్ రైలు వంతెన 1914లో ప్రారంభమైనది. సముద్రము నడుమ నిలిచిన ఆ ఇనుము, ఎడతెగని సంరక్షణ వలన నూరేండ్లు దాటి పని చేసినది. 2022 డిసెంబరులో దానిపై రైళ్లు నిలిపివేసిరి. 2025 ఏప్రిల్‌లో ప్రక్కన కట్టిన కొత్త వంతెన ప్రారంభమైనది. నడి సముద్రమున అంత కాలము నిలిచినపుడు, మన కొట్టములోని ట్రక్కును అప్పు తీరిన తరువాత కూడ చాల ఏండ్లు నిలుపుకొనుట అసాధ్యము కాదు. ఇందుకు కావలసినవి సాయంత్రము కొన్ని బిందెల మంచినీరు, ఒక చీపురు, ఒక ఇనుప బ్రష్షు, ఏడాదికొకసారి కొంచెము రంగు. రైతు సోదరులు పశువునకు కుడితి పెట్టిన పిమ్మటనే తాము భోజనమునకు కూర్చుందురు. అట్లే బండిని కడిగిన పిమ్మటనే ఇంటిలోనికి పోవు అలవాటు చేసికొందురు గాక.