పారవేసిన కర్ర - పాదుకు పందిరి

పెరటిలో పాదు పెట్టుట మన గ్రామములకు క్రొత్త విద్య కాదు. బీర, కాకర, సొర, పొట్ల, దొండ, చిక్కుడు, బచ్చలి - వీనిని పెంచుట మన ఇల్లాండ్రకు ఎవరును నేర్పవలసిన పని లేదు. అయినను పెరడు ఉండియు పాదు లేని ఇండ్లు పెక్కు కలవు. కారణ మడిగినచో, "విత్తనమున కేమి? పందిరికి కర్ర ఎక్కడిది?" యని ప్రత్యుత్తరము వచ్చును. ఆ ఇంటికి కొలది దూరముననే, వీధి చివర చెత్తకుప్పలోను, చెఱువు గట్టు వెంబడిని, పందిరికి కావలసిన సామగ్రి అంతయు పడియుండును. ఈ రెండింటిని కలుపుట పంచాయతీ సభ్యులు చేయదగిన పని అని మా అభిప్రాయము.

కలిగిరి ప్రాంతమునే ఉదాహరణముగా తీసికొందము. కావలికి పడమరగా, ఉదయగిరి, ఆత్మకూరు సీమల నంటియున్న ఈ మెట్టభూములలో నీరు విలువైన వస్తువు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చు ఈశాన్య ఋతుపవనముల వానపైననే రైతుల ఆశ ఎక్కువ. ఇట్టిచోట కూలి చేసికొను కుటుంబము కూరగాయలను సంతలో కొనవలసినదే. ధర పెరిగిన దినమున మొదట తగ్గునది బియ్యము కాదు, కూర. పండ్లు, కూరగాయలు కలిపి మనిషికి దినమునకు కనీసము 400 గ్రాములు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒక్క పందిరి ఆ లోటు నంతను తీర్చదు; కాని వారములో కొన్ని దినములైనను పిల్లల కంచములో కూర ఉండునట్లు చేయగలదు. అంతేకాక, అంట్లు కడిగిన నీరు వీధిలో మడుగు కట్టి దోమలను పెంచుటకు మారుగా పాదులో ఇంకును.

పందిరి ఏల?

నేలపై ప్రాకిన తీగకు గాలి తక్కువ, తడి ఎక్కువ. కాయ మట్టి నంటి కుళ్ళును. పందిరిపై నున్న తీగకు ఎండ, గాలి చక్కగా తగులును; పిందె కంటికి కనబడును, పురుగు పట్టిన కాయను వెంటనే తీసివేయ వచ్చును. పొట్లకాయ నిలువుగా వ్రేలాడిననే తిన్నగా సాగును.

అన్ని తీగలు ఒకే తీరున ఎక్కవు. బీర, కాకర, సొర, పొట్ల, దొండ నులితీగలతో పట్టుకొనును. నులితీగ సన్నని పుల్లను, దారమును సులభముగా చుట్టుకొనును గాని లావు గుంజను పట్టుకొనజాలదు. చిక్కుడు, బచ్చలి తమ కాండమునే ఊతకు చుట్టుకొని పైకి పోవును. వీనికి నిలువు కర్రయే చాలును. కావున గుంజలు బలము కొరకు, పుల్లలు, దారములు పట్టు కొరకు అని గ్రహింపవలయును. పారవేసిన వస్తువులను ఏరునప్పుడు ఈ భేదమే మనకు కొలబద్ద.

ఏ వస్తువు దేనికి?

మొదటిది చిల్లచెట్టు. సర్కారు తుమ్మ యనునది ఇదియే. ఇది మన దేశపు చెట్టు కాదు. 1877 ప్రాంతమున పొరుగున నున్న కడప జిల్లా కమలాపురమున దీనిని నాటిరి. నేడు చెఱువులలో, వాగులలో, బీడులలో అల్లుకొని పోయినది. దీని కర్ర గట్టిది. పంగ గల కొమ్మను ఎంచి, ముండ్లు చెక్కి, బెరడు తీసి ఎండబెట్టినచో మంచి గుంజ యగును. బెరడుతో పాతినచో పురుగు త్వరగా తొలుచును.

రెండవది పొగాకు కర్ర. కలిగిరిలో పొగాకు బోర్డువారి వేలము కేంద్రము కలదు. ఈ చుట్టుపట్ల పొగాకు బ్యారనులు ఉన్నవి. ఆకు కట్టి బ్యారనులో వ్రేలాడదీయు కర్రలు పాతబడిన పిమ్మట పొయ్యి పాలగును. ఇవి గుంజలకు చాలవు గాని పందిరిపై అడ్డముగా పరచుటకు తగినవి. ఇచట ఒక జాగ్రత్త కావలయును. పొగాకునకు వచ్చు మొజాయిక్ తెగులు టమాటా, మిరప మొక్కలకును సోకును. ఆ తెగులు వైరస్ ఎండిన ఆకు ముక్కలలో సైతము చాల కాలము శక్తి కోల్పోక నిలుచును. కావున ఈ కర్రలను టమాటాకు ఊతగా పాతరాదు. బీర, కాకర, సొర పందిళ్ళకు మాత్రమే వాడవలయును.

కందికంప, ఆముదపు కట్టె, ప్రత్తి కట్టె నులితీగలకు పట్టు నిచ్చును. విరిగిన మంచపు పట్టె, తుప్పు పట్టిన నీటి గొట్టము గుంజలుగా పనికివచ్చును. సైకిలు చక్రమును గుంజకొనపై పడుకోబెట్టి కట్టి, దానినుండి నేలకు దారములు దింపినచో చిక్కుడునకు గొడుగువంటి ఊత యగును. చినిగిన డ్రిప్పు గొట్టములు, నులక, పాత చీరల అంచులు కట్లకు చాలును.

సజీవమైన గుంజయు కలదు. మునగకొమ్మను పాతినచో చిగిర్చును. అయితే మునగకర్ర పెళుసు. వేళ్ళూని కాండము లావెక్కువరకు దానిపై సొరవంటి బరువు తీగను ఎక్కింపరాదు.

కట్టు విధానము

8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల పందిరి ఒక ఇంటికి అనుకూలము. దీనికి 8 అడుగుల గుంజలు 6 కావలయును. నాలుగు మూలల నాలుగు, పొడవు ప్రక్కల నడుమ రెండు. ఒక్కొక్క గుంజను 2 అడుగులు పాతి, చుట్టును రాళ్ళు దిమ్మసించవలయును. పైన 6 అడుగుల ఎత్తు మిగులును. ఇల్లాలు క్రింద నిలిచి కాయ కోసికొనగలదు. గుంజల పంగలపై ఇరువైపుల రెండు పొడవు కర్రలను, వానిపై 2 అడుగులకు ఒకటి చొప్పున 5 అడ్డకర్రలను వేసి, వాని నడుమ జానెడు జానెడు దూరమున పుల్లలు గాని దారము గాని అల్లవలయును.

పందిరి పడిపోవునది కాపు సమయముననే. తడిసిన ఆకు, కాయల బరువు, దానికి తోడు తుపాను గాలి - మూడును మన జిల్లాలో ఒక్కసారి వచ్చును. కావున ప్రతి మూలకును ఏటవాలుగా ఒక ఊతకర్ర తప్పదు. పందిరిని ఇంటి కప్పునకు కట్టరాదు. గాలికి పందిరి లేచినచో కప్పును గూడ లేపును.

పందిరి ముందు, విత్తనము తరువాత. తీగ సాగిన పిదప గుంజలు పాతినచో వేళ్ళు తెగును. రెండు కొనల రెండు పాదులు త్రవ్వి, చివికిన పెంట ఎరువు కలిపి, పాదునకు 3, 4 గింజలు పెట్టి, మొలచిన పిమ్మట బలమైన రెండు మొక్కలను ఉంచవలయును. తీగ పందిరి నందుకొను వరకు ప్రక్క కొమ్మలను గిల్లివేయుట మంచిది.

వాడకూడనివి

ఖర్చు లేదని ప్రాణము మీదికి తెచ్చికొనరాదు. తెగిపడిన విద్యుత్ తీగను పందిరికొరకు తాకరాదు. సిబ్బందికి వెంటనే తెలుపవలయును. కరెంటు స్తంభమునకు గాని, స్తంభము నుండి ఇంటికి వచ్చు తీగ క్రింద గాని పందిరి కట్టరాదు. పందిరిలోని ఇనుప తీగ ఆ తీగను తాకి, పైతొడుగు అరిగినచో, పందిరి అంతట విద్యుత్తు ప్రవహించును. కాయ కోయుటకు తడిచేతితో వచ్చిన తల్లి ప్రాణము పోవును. ఇంటి దగ్గరి పందిరికి ఇనుప తీగ కంటె త్రాడే మేలు.

పురుగుమందు డబ్బాలు, సంచులు ఎంత కడిగినను తోటలో వాడదగవు. పగిలిన ఆస్బెస్టాస్ రేకులను కోయరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. పాత చేపల వలను నేలవరకు దింపినచో పాములు, పక్షులు చిక్కును. నేలకు అడుగున్నర ఎత్తుననే ఆపవలయును. కొండ అడవి కర్రను కొట్టరాదు. అది చట్టవిరుద్ధము, మరియు ఉదయగిరి చెక్క గరిటెల పనివారి జీవనము ఆ కొండచెట్లపై ఆధారపడియున్నది.

పంచాయతీ చేయవలసినది

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన 11వ షెడ్యూలులోని 29 అంశములలో వ్యవసాయము, స్త్రీ శిశు అభివృద్ధి కలవు. పెరటి పందిరి ఈ రెండింటికిని చెందిన పని. దీనికి ప్రత్యేక నిధి అక్కరలేదు. ఒక తీర్మానము, కొంత శ్రద్ధ చాలును.

చెత్తను వేరుపరచు షెడ్డు గల గ్రామములలో కర్ర, గొట్టము, త్రాడు - ఈ మూడింటిని ఒక మూల విడిగా ఉంచునట్లు పనివారికి చెప్పవలయును. ఏప్రిల్, మే నెలలలో, తొలకరికి ముందు, ఒక దినము నిర్ణయించి చిల్లకర్రను కొట్టింపవచ్చును. ఆ భూమి ఎవరి అధీనమున నున్నదో ముందుగా విచారించి వారి అనుమతి పొందుట అవసరము. పంచునప్పుడు భూమి లేనివారి ఇండ్లకు, ఒంటరి స్త్రీల ఇండ్లకు మొదటి వంతు ఈయవలయును. గుంజలు మోసి పాతుటకు మగదిక్కు లేని ఇంట కర్రను పడవేసి వచ్చినచో అది పొయ్యిలోనికే పోవును; పాతి ఇచ్చిననే అది సాయము.

అన్నిటికంటె ముందు అంగన్‌వాడీ ఆవరణలో ఒక పందిరి వేయింపుడు. పది ఉపన్యాసములకంటె కాచిన బీరతీగ ఒకటి ఎక్కువ చెప్పును. తుపాను వెలిసిన మరునాడు సభ్యులు వీధి తిరిగి, ఒరిగిన పందిళ్ళను నిలబెట్టించుట మరువరాదు.

పెద్ద పనులకు ధనము రావలయును, అనుమతులు రావలయును. ఈ పనికి రావలసినది మన చూపు మాత్రమే. చెత్తకుప్పలోని కర్రను చూచి పందిరిని ఊహింపగల సభ్యుడు గ్రామమున కొక్కడున్నను, కాపు వచ్చునాటికి పెక్కు ఇండ్లలో కూర ఉడుకును.