ఫుల్‌ఫ్రేమ్ కెమేరాయా? క్రాప్‌సెన్సార్ కెమేరాయా?

ఆధునిక విజ్ఞానశాస్త్రం సామాన్యుడి చేతికి అందించిన సాధనాల్లో కెమేరా ఒకటి. మన కళాశాలలోనే చూడండి. సరదాకు ఫొటోలు తీసేవారు కొందరైతే, సెలవుల్లో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసి మెస్ బిల్లు కట్టుకునే మిత్రులు ఇంకొందరు. వీరందరినీ వేధించే ప్రశ్న ఒకటుంది. కొంటే ఫుల్‌ఫ్రేమ్ కెమేరాయే కొనాలా, క్రాప్‌సెన్సార్ కెమేరా సరిపోతుందా? దుకాణదారుని అడిగితే ఖరీదైనదే మంచిదంటాడు. కాని మనబోటి వ్యవసాయ కుటుంబాల్లో ఆ రెండింటి ధరల మధ్య తేడా ఒక పంట పెట్టుబడికి వస్తుంది. కాబట్టి జవాబును దుకాణంలో కాక భౌతికశాస్త్రంలో వెతకటం మంచిది. మనం చదువుకున్న కాంతిశాస్త్రమూ, కొద్దిపాటి గణితమూ ఇందుకు చాలు.

పేరు వెనుక చరిత్ర

ఫుల్‌ఫ్రేమ్ అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల సెన్సార్. ఈ కొలత ప్రకృతి నియమమేమీ కాదు. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు సినిమా ఫ్రేముల చోటును ఒక్క ఫొటోకు వాడుకున్నాడు. 1925లో లైకా కెమేరా బజారులోకి వచ్చాక ఆ కొలతే లోకానికి అలవాటయింది. ఫిల్ము పోయి సెన్సార్ వచ్చినా పాత కొలతనే ‘పూర్తి’ అనటం మానలేదు. నిజానికి దానికంటే పెద్ద సెన్సార్లున్న కెమేరాలూ ఉన్నాయి.

సెన్సార్‌ను సిలికాన్ పలక మీద తయారుచేస్తారు. సెన్సార్ పెద్దదైన కొద్దీ ఒక పలకకు వచ్చే సెన్సార్ల సంఖ్య తగ్గుతుంది. పైగా పలకలో ఎక్కడో చిన్న లోపమున్నా ఆ చోట ఉన్న సెన్సార్ మొత్తం పాడయ్యే ప్రమాదముంది. ఖరీదు పెరగటానికి కారణం ఇదే. 1999లో వచ్చిన నికాన్ డి1లో చిన్న సెన్సార్‌నే వాడారు. 2002లో కానన్ కంపెనీ ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌తో ఈఓఎస్-1డిఎస్ తెచ్చింది గాని దాని ధర సామాన్యుడికి అందలేదు. ఈ చిన్న సెన్సార్‌నే క్రాప్‌సెన్సార్ అని, ఏపీఎస్-సి అని పిలుస్తున్నారు. నికాన్, సోనీ, ఫ్యూజీ కెమేరాల్లో ఇది సుమారు 23.5 మి.మీ. పొడవు, 15.6 మి.మీ. వెడల్పు ఉంటుంది. కానన్‌వి ఇంకొంచెం చిన్నవి.

వాన లెక్క

ఇక లెక్క చూద్దాం. ఫుల్‌ఫ్రేమ్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. క్రాప్‌సెన్సార్‌ది సుమారు 367. నిష్పత్తి 2.36.

ఎకరం చేను మీదా, రెండుంపావు ఎకరాలకు కొంచెం పైబడిన చేను మీదా ఒకే వాన కురిసిందనుకోండి. వర్షమానం రెండుచోట్లా ఒకటే. కాని పెద్ద చేను మీద పడిన మొత్తం నీరు ఎక్కువ. కెమేరాలోనూ అంతే. అపర్చర్, షట్టర్ వేగం రెండింటిలోనూ ఒకటే పెడితే చదరపు మిల్లీమీటరుకు పడే కాంతి ఒకటే. అందుకే రెండు ఫొటోల వెలుగూ ఒకేలా కనిపిస్తుంది. మొత్తం కాంతి మాత్రం ఫుల్‌ఫ్రేమ్‌కు 2.36 రెట్లు చేరుతుంది.

దీనివల్ల లాభమేమిటి? కాంతి ఫోటాన్ల రూపంలో వస్తుంది. వాటి రాక పాయిజాన్ విభాజనాన్ని అనుసరిస్తుంది. అంటే సగటున 10,000 ఫోటాన్లు చేరేచోట దాని వర్గమూలమైన 100 మేరకు హెచ్చుతగ్గులుంటాయి. సంకేతానికీ ఒడిదుడుకులకూ నిష్పత్తి 100. అదే 23,600 ఫోటాన్లు చేరితే ఆ నిష్పత్తి సుమారు 154. చీకట్లో తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్లు కనిపించే నాయిస్ ఆ మేరకు తగ్గుతుంది. ఫొటోగ్రాఫర్ల భాషలో చెప్పాలంటే ఒక స్టాపు, దానిపై మరో పావు. క్రాప్‌లో ఐ.ఎస్.ఓ. 1600 దగ్గర వచ్చే నాణ్యత, అదే కాలపు ఫుల్‌ఫ్రేమ్‌లో దాదాపు 3800 దగ్గర వస్తుంది. ఇది నిజమైన లాభమే. అయితే పట్టపగలు కాంతి పుష్కలంగా ఉన్నప్పుడు ఈ తేడా కంటికి ఆనదు.

దూరం దగ్గరవుతుందా?

క్రాప్ కెమేరాకు తగిలిస్తే 200 మి.మీ. లెన్సు 300 మి.మీ. లెన్సు అవుతుందని చాలామంది నమ్మకం. లెన్సు నాభ్యంతరం ఏ కెమేరాకు తగిలించినా మారదు. సెన్సార్ మీద ప్రతిబింబం సైజు కూడా మారదు. చిన్న సెన్సార్ ఆ ప్రతిబింబంలో నడిమి భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది కాబట్టి, దృశ్యకోణం తగ్గి దగ్గరైనట్లు అనిపిస్తుంది.

అయినా ఇందులో లాభం లేకపోలేదు. నేలపట్టులో గూడబాతుల్ని ఫొటో తీస్తున్నామనుకోండి. రెండు కెమేరాలూ 24 మెగాపిక్సెళ్ళవే. లెన్సూ ఒకటే, మనం నిలబడిన చోటూ ఒకటే. ఫుల్‌ఫ్రేమ్ ఫొటోలో అదే నడిమి భాగాన్ని కత్తిరిస్తే మిగిలేది 10 మెగాపిక్సెళ్ళు. క్రాప్‌లో 24కు 24 దక్కుతాయి. పక్షి ఈకల వివరం అక్కడే తేలుతుంది. 45.7 మెగాపిక్సెళ్ళ నికాన్ డి850 (2017) వంటి ఫుల్‌ఫ్రేమ్ అయితే కత్తిరించినా 19 మిగులుతాయి. క్రాప్ రకమైన నికాన్ డి500 (2016) ఇచ్చేది సుమారు 21. అంటే ఫుల్‌ఫ్రేమ్‌కు అంత ఎక్కువ పెట్టినా పక్షుల విషయంలో మాత్రం సమానం దగ్గరే ఆగుతాం.

తూము సంగతి

పొలం ఎంత పెద్దదైనా తూము చిన్నదైతే పారేది కొద్దినీరే. కెమేరాకు తూము లెన్సు. సొమ్మంతా ఫుల్‌ఫ్రేమ్ బాడీకే పోసి, ఎఫ్ 4 జూమ్ లెన్సుతో సరిపెట్టుకున్న మిత్రుడొకడు. క్రాప్ బాడీ కొని, మిగిలిన సొమ్ముతో ఎఫ్ 1.8 లెన్సు కొన్నవాడు ఇంకొకడు అనుకుందాం. దృశ్యకోణం, షట్టర్ వేగం ఒకటే. ఎఫ్ 4 కంటే ఎఫ్ 1.8 దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 4.9 రెట్లు కాంతి పడుతుంది. దాన్ని వైశాల్య నిష్పత్తి 2.36తో భాగిస్తే 2.1. అంటే చిన్న సెన్సార్ వాడికే రెండింతల కాంతి దక్కింది!

ఫుల్‌ఫ్రేమ్‌కూ 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు చవగ్గానే దొరుకుతుంది గదా అనవచ్చు. నిజమే, అప్పుడు మళ్ళీ ఫుల్‌ఫ్రేమ్‌దే పైచేయి. వెనుక దృశ్యం కూడా మరింత మసకబారి మనిషి ముఖం అందంగా తేలుతుంది. ఈ విషయంలో క్రాప్‌లో ఎఫ్ 1.8 ఇచ్చే ఫలితం ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్ 2.7కు సమానం. కాని ఒక్క లెన్సుతో పెళ్ళి గడవదు. మండపమంతా పట్టే వెడల్పు లెన్సు, ఫ్లాష్, అదనపు బ్యాటరీలు, కార్డులు కావాలి. అన్నిటికీ మించి రెండో బాడీ కావాలి. తెల్లవారుజాము ముహూర్తంలో ఉన్న ఒక్క కెమేరా మొరాయిస్తే తాళి కట్టే క్షణాన్ని మళ్ళీ తీసుకురాగలమా? డబ్బు తీసుకున్న పనిలో ఒక గొప్ప కెమేరా కంటే రెండు మామూలు కెమేరాలే మాట నిలబెడతాయి.

ఎవరికి ఏది?

నేర్చుకునేవారికి, పక్షుల్ని తీసేవారికి, జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర నమూనాలను దగ్గరగా తీసేవారికి, బరువు మోస్తూ ప్రయాణాలు చేసేవారికి క్రాప్‌సెన్సార్ చాలు. రాత్రి ఆకాశాన్నీ, నాటక ప్రదర్శనల్నీ, ఫ్లాష్ వెయ్యకుండా పెళ్ళిళ్ళనూ తీసేవారు, అదీ మంచి లెన్సులు ముందే సమకూర్చుకున్నవారు, ఫుల్‌ఫ్రేమ్‌కు పోవచ్చు. 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు గల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన కావలసింది 9 మెగాపిక్సెళ్ళ లోపే. కాబట్టి పెట్టెమీద అచ్చువేసిన మెగాపిక్సెళ్ళ సంఖ్య చూసి మోసపోనక్కరలేదు.

కొనేముందు ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. ఫుల్‌ఫ్రేమ్ కెమేరాల్లో చాలావాటికి క్రాప్ మోడ్ ఉంటుంది. హైదరాబాదు, విజయవాడల్లో కెమేరాలు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. ఒక రోజుకు తెచ్చుకుని, జూమ్ లెన్సుతో ఒకే దృశ్యాన్ని ఒకే కోణం వచ్చేట్లు సర్దుకుని, పగలూ రాత్రీ రెండు మోడ్లలోనూ తీసి, ఒకే సైజు ప్రింట్లు వేయించి స్నేహితులకు చూపండి. ఏది ఏదో వాళ్ళు పోల్చలేకపోతే, ఆ తేడాకు అప్పు చేయనవసరం లేదని అర్థం.

రెండెకరాల రైతు ట్రాక్టరు కొనడు, దుక్కికి అద్దెకు తెచ్చుకుంటాడు. పొలం పెరిగిననాడు, పని గిట్టుబాటయిననాడు కొనటం గురించి ఆలోచిస్తాడు. ఫుల్‌ఫ్రేమ్ కూడా అటువంటి సాధనమే. అది సంపాదించి పెట్టే పని చేతిలో ఉన్ననాడు కొందాం. అంతవరకు ఉన్న సొమ్ము మంచి లెన్సు మీదా, ఉన్న శ్రమ కాంతిని చదవటం మీదా పెడదాం.