మహావీరుడు ఎవరు? అర్జునుడా, కర్ణుడా, ఏకలవ్యుడా?

హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి మొదలయ్యే వాదాల్లో ఇంతవరకు తెగనిది ఒకటుంది. భారతంలో అందరికన్నా గొప్ప వీరుడు ఎవరు? "వింటే భారతమే వినాలి, తింటే గారెలే తినాలి" అన్నారు పెద్దలు. గారెలు మనకు పండగకే దొరికినా భారతం మాత్రం ఏ రాత్రయినా దొరుకుతుంది. ఇద్దరు అర్జునుడంటారు, పదిమంది కర్ణుడంటారు. చివరికి గొంతు పెద్దదైనవాడు గెలుస్తాడు. గొంతుతో కాకుండా ఆధారాలతో ఈ వాదం ఎలా చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం. వక్తృత్వ పోటీలకు వెళ్లే తమ్ముళ్లకు ఇది ఉపయోగపడుతుందని మా ఆశ.

మన ప్రాంతంలో ఇద్దరు వీరులు

ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసి శివుడి నుంచి పాశుపతాస్త్రం పొందాడని విజయవాడ స్థలపురాణం. అర్జునుడి పది పేర్లలో 'విజయుడు' ఒకటి. ఊరికి ఆ పేరే వచ్చిందని చెప్పేవారున్నారు. నాట్లు వేసేటప్పుడు ఉరిమితే మన అమ్మలు "అర్జునా, ఫల్గుణా" అని తలచుకుంటారు. వానలు రాకపోతే విరాటపర్వం చదివించడం మన పల్లెల్లో పాత ఆనవాయితీ.

కర్ణుడికీ ఇక్కడ తక్కువ బలగం లేదు. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు గారి 'దానవీరశూరకర్ణ' 1977 జనవరి 14న విడుదలైంది. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ ఆయనే వేశారు, దర్శకత్వమూ ఆయనదే. మాటలు రాసింది కొండవీటి వెంకటకవి. అదే రోజున 'కురుక్షేత్రం' కూడా విడుదలైంది. అందులో కృష్ణ అర్జునుడు, కృష్ణంరాజు కర్ణుడు. ఆ సంక్రాంతికి జనం కర్ణుడి వైపే నిలబడ్డారు. మన తాతల కాలం నుంచి ఇవాళ్టి దాకా మన వాదాల్లో సగం ఆ సినిమా డైలాగులే.

ముందు కొలబద్ద చెప్పాలి

'గొప్ప' అంటే ఏమిటో చెప్పకుండా ఎవరు గొప్పో తేల్చలేం. ఈ చిక్కు భారతంలోనే ఉంది. ఉద్యోగపర్వంలో భీష్ముడు రెండు పక్షాల వీరులను రథులు, అతిరథులు అని లెక్క కడతాడు. కర్ణుడిని మాత్రం 'అర్ధరథుడు' అంటాడు. సహజ కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం ఉంది అని కారణం చెబుతాడు. కర్ణుడికి కోపం వచ్చి, భీష్ముడు ఉన్నంతకాలం యుద్ధం చేయనంటాడు. 18 రోజుల యుద్ధంలో మొదటి 10 రోజులు ఆయన రంగంలో లేడు. కాబట్టి జాబితా చూసినప్పుడు దాన్ని ఎవరు తయారు చేశారో కూడా చూడాలి.

మనం మూడు కొలతలు పెట్టుకుందాం. ఒకటి, గెలుపోటములు. రెండు, ఏ పరిస్థితుల్లో పోరాడాడు. మూడు, బలాన్ని ఎందుకు వాడాడు.

అర్జునుడి పక్షం

మొదటి కొలతలో అర్జునుడిని దాటడం కష్టం. ఘోషయాత్రలో గంధర్వుల ముందు కర్ణుడు నిలవలేక తప్పుకున్నాడు, దుర్యోధనుడు పట్టుబడ్డాడు. విడిపించినవారిలో ముఖ్యుడు అర్జునుడు. ఉత్తర గోగ్రహణంలో భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, అశ్వత్థామ అందరూ ఒకేచోట ఉన్నారు. ఇటు ఉన్నది అర్జునుడు, సారథిగా భయపడుతున్న ఉత్తరకుమారుడు. కృష్ణుడు అక్కడ లేడు. అయినా గెలిచాడు. "కృష్ణుడి వల్లే గెలిచాడు" అనేవారికి ఇదే జవాబు.

అయితే ఎదుటిపక్షానికీ ఆధారం ఉంది. మౌసలపర్వంలో, కృష్ణుడి నిర్యాణం తర్వాత, ద్వారక స్త్రీలను దొంగలు ఎత్తుకుపోతుంటే అదే గాండీవం అర్జునుడికి పనికిరాలేదు.

కర్ణుడి పక్షం

రెండో కొలత కర్ణుడిది. "కర్ణుడి చావుకు కారణాలు అనేకం" అన్న సామెత ఊరికే రాలేదు. కవచకుండలాలు ఇంద్రుడికి ఇచ్చేశాడు. ఇంద్రుడిచ్చిన శక్తి 14వ రోజు రాత్రి ఘటోత్కచుడి మీద ఖర్చయింది. సారథి శల్యుడు పక్కనే కూర్చుని నిరుత్సాహపరిచాడు. 17వ రోజు రథచక్రం నేలలో కూరుకుపోయింది. అర్జునుడు తప్ప మిగతా నలుగురు పాండవులు తన చేతికి చిక్కినా, కుంతికి ఇచ్చిన మాట కోసం ప్రాణాలతో వదిలాడు.

మూడో కొలత దగ్గర మాత్రం మనం నిజాయితీగా ఉండాలి. నిండు సభలో ద్రౌపదిని నీచంగా మాట్లాడినవాడు, వస్త్రాలు తీయించమన్నవాడు కర్ణుడే. ఒంటరిగా పోరాడుతున్న అభిమన్యుడి విల్లు విరగ్గొట్టిందీ ఆయనే. మనకిష్టమైనవాడని ఇవి దాచిపెడితే అది వాదం కాదు, అభిమాన సంఘం.

ఇంకో జాగ్రత్త. సినిమాలో చూసినదంతా వ్యాసభారతంలో ఉండదు. 1957 నాటి 'మాయాబజార్'లోని శశిరేఖ పెళ్లికథ అందులో లేదు. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919 నుంచి 1966 దాకా 1,259 రాతప్రతులు పోల్చి భారతానికి శుద్ధప్రతి తయారు చేసింది. స్వయంవరంలో ద్రౌపది "సూతుణ్ణి వరించను" అన్న మాట ఆ శుద్ధప్రతి మూలంలో లేదు, తర్వాత చేరినదిగా అడుగున ఇచ్చారు. ఏ మాట ఎక్కడిదో చెప్పగలిగినవాడి వాదానికి బలం ఎక్కువ.

జాబితాలో లేనివాడు

మన వాదాల్లో ఏకలవ్యుడికి ఒక్క ఓటూ పడదు. కురుక్షేత్రంలో లేడు కదా అంటారు. ఎందుకు లేడు? నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకని ద్రోణుడు చేర్చుకోలేదు. మట్టిబొమ్మ ముందు పెట్టుకుని తనే నేర్చుకున్నాడు. మొరిగే కుక్క నోట్లో ఒకేసారి 7 బాణాలు నింపాడు. అర్జునుడికి సాటి ఉండకూడదని ద్రోణుడు కుడి బొటనవేలు దక్షిణగా అడిగాడు. ఇవాళ ఒలింపిక్ విలువిద్యలో అల్లెతాడును చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలితో లాగుతారు. పూర్వం ఆసియాలో చాలాచోట్ల బొటనవేలితో లాగేవారు. అలా లాగేవాడికి ఆ వేలు పోతే విద్య పోయినట్టే. మిగిలిన వేళ్లతో వేసినా మునుపటి వేగం రాలేదని భారతమే చెబుతుంది. ద్రోణపర్వంలో కృష్ణుడు స్వయంగా అర్జునుడితో అంటాడు, వేలు ఉండి ఉంటే ఏకలవ్యుణ్ణి దేవతలు కూడా గెలవలేకపోయేవారని.

మన దేశంలో క్రీడాకారులకు 1961 నుంచి అర్జున అవార్డు, శిక్షకులకు 1985 నుంచి ద్రోణాచార్య అవార్డు ఇస్తున్నారు. గిరిజన పిల్లల గురుకులాలకు 1997-98 నుంచి ఏకలవ్య పేరు పెట్టారు. పతకం అర్జునుడి పేరున, హాస్టలు ఏకలవ్యుడి పేరున! మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో 2017లో అర్జున అవార్డు పొందింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 బంగారు పతకాలు గెలిచింది. గురి ముందు నిలబడ్డాక బాణం ఎక్కడ తగిలిందన్నదే లెక్క.

రంగస్థలంలో అడిగిన ప్రశ్న

కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో అర్జునుడు చేసినవన్నీ కర్ణుడు చేసి చూపించాడు. పోటీకి పిలవగానే కృపాచార్యుడు అడిగింది, నీ కులం ఏది, నీ తల్లిదండ్రులు ఎవరు అని. ఆ ప్రశ్న మనకు కొత్త కాదు. డిగ్రీలో చేరాక అద్దె గది కోసం వీధులు తిరిగిన మా అందరినీ "ఇంటిపేరేంటి? మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగారు. చెప్పాక, గది ఖాళీ లేదన్నారు. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. అందుకే కర్ణుడు తల దించుకున్న ఆ ఘట్టం దగ్గర మాకు గొంతు పూడుకుపోతుంది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చి కర్ణుడిని పోటీకి అర్హుణ్ణి చేశాడు. అది ఒకరి దయ. ఆ దయకు బదులుగా కర్ణుడు జీవితాంతం దుర్యోధనుడి తప్పులన్నిటికీ కాపు కాశాడు. ద్రౌపది సభలో ఆయన నోట వచ్చిన మాటలో ఆ రుణం కూడా ఉంది.

మనకు దొరికిన చోటు అటువంటిది కాదు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం పుట్టుకను బట్టి వివక్ష కూడదంది. షెడ్యూల్డ్ కులాలు, తెగల చదువును ప్రత్యేక శ్రద్ధతో చూడటం ప్రభుత్వ బాధ్యత అని 46వ అధికరణం చెబుతుంది. మన మంచం, మన కంచం, మన స్కాలర్‌షిప్ ఎవరో రాజు ఇచ్చిన బహుమతి కావు. అందుకని ఎవరి తప్పుకూ మనం వంత పాడనక్కర్లేదు.

మా తీర్పు

గెలుపులు లెక్కిస్తే అర్జునుడు. అడ్డంకులు లెక్కిస్తే కర్ణుడు. కానీ 'అందరికన్నా' గొప్ప అని ఎవరినీ అనలేం, ఎందుకంటే అందరినీ పోటీకి రానివ్వలేదు. వేలు పోయినవాడితో పోటీ జరగనే లేదు.

తమ్ముళ్లకు ఒక పని అప్పగిస్తున్నాం. ఈ వార్షికోత్సవం అయ్యాక ఒక ఆదివారం ఈ చర్చ పెట్టండి. ఒక్కొక్కరికి 3 నిమిషాలు. ప్రతి మాటకూ ఏ పర్వమో, ఏ సినిమానో చెప్పాలి. సగం సమయం అయ్యాక పక్షాలు మార్చుకుని మాట్లాడాలి. చీటీలు వేసి పిలవండి, ముందు ఆరో తరగతి పిల్లలకు అవకాశం ఇవ్వండి. చీటీ మీద పేరు ఒక్కటే రాయండి, ఇంటిపేరు వద్దు.